గాలి బెజ్జాలు

పాత ఫ్రిజ్ పెట్టె పక్క రేకుకి ఆఖరి బెజ్జం పడేసరికి మరదలి చేతులు మోచేతుల దాకా పసుప్పచ్చగా అయిపోయాయి. రేకుకీ ప్లాస్టిక్కుకీ మధ్య కూరి ఉండే నురగ పొడి అది. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ పొగలా లేచి చెమటకి అంటుకుపోతుంది. మరదలు తుడుచుకోలేదు. బెజ్జంలోకి వేలు పెట్టి అంచులు తడిమి చూసింది. కోసి ఉంచుకున్న ప్లాస్టిక్ గొట్టం ముక్కని అందులోకి దూర్చి, అరచేత్తో కొట్టి బిగించింది. లోపలి నురగ రాలి గుడ్ల మీద పడకుండా ఆ గొట్టం.

అక్కయ్య వెనకనుంచి ఫ్రిజ్‌ని కదలకుండా పట్టుకుని నిలబడింది. సొంత తమ్ముడికే కాదు, వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్కయ్యే. వయసులో తనకన్నా పెద్దవాడైన ఎదురింటి టైలరు కూడా అలాగే పిలుస్తాడు. తమ్ముడికి పెళ్లయ్యేదాకా ఆ ఇంటి పొయ్యీ, తాళాలూ ఆవిడ చేతిలోనే ఉండేవి. ఇప్పుడు తాళాలు మరదలి దగ్గరున్నాయి. పొయ్యి ఇద్దరిదీ.

తమ్ముడు ఫ్రిజ్ మెకానిక్. ఎవరో వద్దని వదిలేసిన ఈ డొక్కుని తెచ్చి పెళ్లాం ముందు పడేసింది అతనే. మోటారూ రాగి గొట్టాలూ పీకి అమ్మేసుకున్నాక ఒట్టి పెట్టె మిగిలింది. పని లేని రోజు కాబట్టి మెట్ల మీద కూర్చుని సిగరెట్టు కాలుస్తూ తమాషా చూస్తున్నాడు.

"నా బతుకంతా ఫ్రిజ్జుల్లోకి గాలి దూరకుండా చూడ్డంతోనే సరిపోయింది. ఈవిడేమో ఏరి కోరి బెజ్జాలు పెడుతోంది," అన్నాడు.

మరదలు నవ్వి డ్రిల్లు తీగ చుట్టసాగింది. పెళ్లికి ముందు ఆమె కోళ్ల హ్యాచరీలో పనిచేసింది. అక్కడి గుడ్లు పొదిగే యంత్రాలు గదులంత ఉంటాయట. ఇది బీరువాలో సగం కూడా లేదు. లోపల పైన రెండు బల్బులు బిగించింది. ఒకటి మాడిపోయినా రెండోది వేడి నిలబెడుతుందని. వెనక గోడకి పాత కంప్యూటర్లోంచి తీసిన చిన్న ఫ్యాను. అడుగున నీళ్ల పళ్లెం. మధ్యలో జల్లెడ రేకుతో చేసిన అరలు, వాటిని ఒక్క ఊపున అటూ ఇటూ వాల్చడానికి బయటికి ఒక పిడి. తలుపుకి చతురస్రంగా కోసి అద్దం పెట్టింది. వేడి ఎక్కువైతే బల్బులు ఆరిపోయి, తగ్గితే వెలిగే చిన్న పరికరం ఒకటి తమ్ముడు తెచ్చిచ్చాడు.

కింద ఈ పక్క బెజ్జాలు, పైన ఆ పక్క బెజ్జాలు ఎందుకని అక్కయ్య అడిగింది. చల్లగాలి కిందనుంచి వచ్చి, వేడెక్కి, గుడ్లన్నిటినీ తడుముకుంటూ పైకి పోవాలని మరదలు చెప్పింది.

"గుడ్డు కూడా ఊపిరి పీలుస్తుంది వదినా. పెంకు నిండా మన కంటికి ఆనని బెజ్జాలుంటాయి. మొదట్లో వీటికి సగం మూతలు పెట్టినా నడుస్తుంది. పిల్ల పెరిగేకొద్దీ ఒక్కొక్కటే తీసెయ్యాలి."

మొగుణ్ణి పిలిచి, కింది బెజ్జం దగ్గర సిగరెట్టు పొగ వదలమంది. అతను గొంతుక్కూర్చుని, బుగ్గలు పూరించి ఊదాడు. కొంతసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత అవతలి పక్క పైన, గొట్టం మూతిలోంచి సన్నటి పొగ దారంలా సాగి పైకి లేచింది. మరదలు పళ్లు కనపడేలా నవ్వింది. ఆమె అలా నవ్వడం అక్కయ్య ఎప్పుడూ చూడలేదు.

అయితే వరండాలో యంత్రం కుదురుకోలేదు. గాలి కొట్టినప్పుడల్లా వేడి పడిపోయేది, ఎండ వాలినప్పుడల్లా ఎగిసేది. మరదలు చుట్టూ దుప్పట్లు కట్టి చూసింది, అట్టలు అడ్డం పెట్టి చూసింది. గాలి తగలని గది కావాలంది. ఆ ఇంట్లో అలాంటి గది ఒక్కటే ఉంది.

భోజనాల దగ్గర తమ్ముడు ఆ సంగతి తేల్చేశాడు. "అక్కా, మిషన్ నీ గదిలో పెడదాం. నీ మంచం నడవలో వేసుకో."

అక్కయ్య గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. నడవలోనా, అని మాత్రం అంది.

"నీకేముంది, ఒక్కదానివి. ఎక్కడ నడుం వాల్చినా ఒకటే కదా," అన్నాడు కంచంలోంచి తల ఎత్తకుండానే.

అక్కయ్య మరదలి వంక చూసింది. ఆమె కంచంలోకి చూస్తూ కూర్చుంది. వద్దండీ అని ఒక్క మాట అంటుందేమోనని అక్కయ్య చూసి చూసి, అందరి చేతులూ ఎండిపోయాక లేచింది. తమ్ముడి మాట కన్నా ఆ అనని మాటే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రానికి మంచం నడవలో పడింది, వంటింటికీ స్నానాల గదికీ మధ్య. తలవైపు నీళ్ల డ్రమ్ము. బట్టల పెట్టెకి అక్కడ చోటు చాలక, గదిలోనే యంత్రాన్ని నిలిపిన పొట్టి బల్ల కిందికి తోశారు. పొద్దున్నే స్నానానికి వెళ్తూ తమ్ముడు మోకాలు మంచం కోడుకి కొట్టుకున్నాడు. "దారికి అడ్డంగా ఇలా వేశావేంటి అక్కా," అని విసుక్కున్నాడు. అప్పటినుంచి అక్కయ్య అందరికన్నా ముందే లేచి పక్క చుట్టేసేది.

*

గుడ్లు పెట్టిన వారానికి మరదలు ఆవిణ్ణి గదిలోకి పిలిచింది. కిటికీకి దుప్పటి కట్టి చీకటి చేసింది. టార్చిలైటుకి అట్టగొట్టం తొడిగి, దాని మూతి మీద గుడ్డు ఆనించి పట్టుకుంది.

గుడ్డు లోపల దీపం పెట్టినట్టు ఎర్రగా వెలిగింది. సన్నటి నెత్తురు దారాలు అన్ని వైపులకీ పాకి ఉన్నాయి. వాటి మధ్యలో ఒక నల్లచుక్క. అక్కయ్య వద్దనుకుంటూనే వంగింది. చుక్క కదిలింది.

"కదిలిందే," అంది.

"మిమ్మల్ని చూసి భయపడింది," అంది మరదలు.

అక్కయ్య పెదవుల దాకా నవ్వు వచ్చింది. అంతలో తల ఎత్తితే గోడకున్న మేకు కనిపించింది. తను రోజూ బట్టలు తగిలించే మేకు. ఇప్పుడు దానికి కరెంటు తీగలు చుట్టి ఉన్నాయి. పొయ్యి మీద పాలున్నాయంటూ బయటికొచ్చేసింది.

మరదలు మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. చేసే పని మీద తప్ప ఆమెకి ధ్యాస ఉండేది కాదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్లి పిడి వాల్చేది. నీళ్లు పోసేది. గొట్టాల మూతలు కొంచెం కొంచెం జరిపేది. ఓసారి నడవలోంచి వెళ్తూ ఆగి, ఇది కుదిరితే పెరట్లో రేకుల షెడ్డు వేద్దామనీ, అప్పుడు మీ గది మీకొచ్చేస్తుందనీ చెప్పింది. వేస్తారులే, అంది అక్కయ్య.

ఆ మర్నాడు కోడిపిల్లల వ్యాపారి వచ్చాడు. కూర్చోవడానికి కుర్చీ తెచ్చేలోపలే నడవలో మంచం మీద కూలబడ్డాడు, బూట్లతో సహా కాళ్లు పట్టె మీద పెట్టుకుని. మొదటి విడత బాగా వస్తే ఇకముందు ఎన్ని పొదిగితే అన్నీ తనే తీసుకుంటానన్నాడు. ఇంకో పెట్టె కూడా పెట్టుకోమన్నాడు.

"పెడతాం. ఆ గదిలో ఇంకా రెండింటికి చోటుంది," అన్నాడు తమ్ముడు.

అక్కయ్య గోడకి ఆనుకుని ఆ మాట విన్నది. షెడ్డు మాట ఎవరూ ఎత్తలేదు. మరదలు ఆ సమయానికి గదిలో పిడి వాలుస్తోంది. వ్యాపారి వెళ్లాక అక్కయ్య దుప్పటి తీసి పెరట్లో దులిపింది. దుమ్ము పోయాక కూడా చాలాసేపు దులుపుతూనే ఉంది.

గుడ్లు చిట్లే వేళకి మరదలి ఊరినుంచి కబురొచ్చింది. వాళ్ల నాన్న జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు, ఆస్పత్రిలో ఉన్నాడు. ఇంకెవరి గురించి వచ్చినా ఆమె కదిలేది కాదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తానంది. తమ్ముడికి ఆ రోజు పెద్ద పని ఉంది. బయల్దేరే ముందు మరదలు అక్కయ్యని యంత్రం దగ్గరికి తీసుకెళ్లింది.

"వినండి," అంది.

అక్కయ్య చెవి ఆనించింది. గుడ్ల లోపలనుంచి పిచ్చుకలు మాట్లాడుకుంటున్నట్టు సన్నటి కూతలు.

"ఇవాళ రేపట్లో అన్నీ వచ్చేస్తాయి. ఇప్పుడవి నోటితో గాలి పీలుస్తున్నాయి వదినా, ఇదివరకటిలా కాదు. అందుకే మూతలన్నీ తీసేశాను. మీరేం చెయ్యక్కర్లేదు. తలుపు తియ్యకండి, ఎవర్నీ తియ్యనివ్వకండి. అంతే."

నేను చూసుకుంటాలే, అంది అక్కయ్య. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మనసులో ఇంకేమీ లేదు.

*

ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి, తువ్వాలు కోసం అక్కయ్య గదిలోకి వెళ్లింది. యంత్రం కిందనుంచి పెట్టె లాగాలంటే నేల మీద కూర్చోవాలి. కూర్చుంది. గది వెచ్చగా, తడివాసన వేస్తోంది. అద్దంలోంచి చూస్తే కొన్ని గుడ్ల మీద నక్షత్రంలా బీటలు వచ్చాయి. ఒక పిల్ల అప్పటికే బయటికొచ్చింది. ఒళ్లంతా తడిసి, తల ఎత్తబోయి వాల్చేస్తోంది. ఇంకొకటి పెంకు టోపీలా నెత్తిన పెట్టుకుని తన్నుకుంటోంది.

అక్కయ్య పెట్టె లాగింది. మూత సగమే తెరుచుకుంది, పైన బల్ల అడ్డం. చెయ్యి దూర్చి తడిమితే తువ్వాలు బదులు పాత దిండుగలీబు చేతికొచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆవిడ గదంతా కలయజూసింది. గోడ మీద తన తల ఆనిన చోట జిడ్డు మరక ఇంకా ఉంది. మంచం కోళ్లు ఆనిన చోట నేల మీద నాలుగు గుంటలు ఉన్నాయి. ఇంకో పెట్టె అక్కడ పెడతారు కాబోలు. దాని పక్కన ఇంకోటి.

గలీబుని పళ్లతో అంచు తెంపి నిలువుగా చింపింది. పేలికలు చుట్టలు చుట్టింది. లేచి నిలబడి, ముందు పైన ఉన్న గొట్టాల్లో ఒక్కొక్కటే వేలితో దూర్చింది. వదులుగా ఉన్నచోట ఇంకో పేలిక పెట్టింది. తర్వాత కూర్చుని కింది గొట్టాలు మూసింది. ఏ పనైనా ఆవిడ సగంలో వదిలే మనిషి కాదు.

వంటింట్లోకి పోయి, మళ్లీ తిరిగొచ్చి ఆకుకూర కట్టలూ పళ్లెమూ తెచ్చుకుని అద్దానికి ఎదురుగా చతికిలబడింది. అక్కడినుంచి లేస్తే, మళ్లీ వచ్చి పేలికలు లాగేస్తానేమోనని తన మీద తనకే అనుమానం. ఎదురుగా కూర్చుంటే ఆ భయం లేదు. చేతులకి పని ఉంటుంది.

కూతలు ముందు ఎక్కువయ్యాయి. బడి విడిచిపెట్టినప్పటి గోలలా అన్నీ ఒక్కసారే మొదలెట్టాయి. అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టింది. చుక్కలు చుక్కలుగా కూడి కిందికి జారింది. ఆ జారిన గీతల్లోంచి బయటికొచ్చిన పిల్ల కనపడుతోంది. ముక్కు బాగా తెరిచి, మెడ సాచి, పైకి చూస్తోంది. మూసి, మళ్లీ తెరిచింది. పెంకు టోపీ పెట్టుకున్నది తన్నుకోవడం ఆపేసింది.

అక్కయ్య ఒక్కో ఆకూ తిప్పి రెండు వైపులా చూసి పళ్లెంలో వేసింది. పుచ్చిన చోట గిల్లి పారేసింది. కాడలు విడిగా పెట్టింది. కూతలు పొట్టివయ్యాయి. ఒకటి పిలిస్తే ఇంకొకటి పలికేది. కొంతసేపటికి పిలిచేది ఒకటే మిగిలింది. పలికేది లేదు. కట్ట అయిపోయింది. ఆవిడ రెండో కట్ట విప్పింది.

మధ్యాహ్నం తమ్ముడు భోజనానికొచ్చాడు. చేతులు కడుక్కుంటూ, ఏమైనా చిట్లాయా, అని అడిగాడు.

"కూస్తున్నాయి. రేపటికి వస్తాయేమో," అంది.

అతను గదిలోకి తొంగి కూడా చూడలేదు. రెండోసారి కూర వేయించుకుని, నువ్వు వండితేనే అన్నం లోపలికి పోతుందక్కా, ఆవిడ చేతికి ఉప్పూ కారం తెలియవు, అన్నాడు. ఆ మాటకి అక్కయ్య మనసు చల్లబడింది. గదిలో అంత పని చేసి వచ్చిన మనిషికి ఆ క్షణంలో నిజంగానే సంతోషం కలిగింది.

అతను వెళ్లాక గదిలోకి పోతే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. పేలికలన్నీ లాగేసింది. పైనివి తడిసి బరువెక్కి ఉన్నాయి. పెరట్లో సబ్బు పెట్టి ఉతికి, పిండి, తీగ మీద ఆరేసింది. ఆకుకూర పళ్లెం వంటింట్లో యథాస్థానంలో పెట్టింది.

*

మరదలు పొద్దు వాలకముందే వచ్చింది. భుజాన సంచి, కాళ్లకి చెప్పులు అలాగే ఉన్నాయి. తిన్నగా గదిలోకి వెళ్లి చెవి ఆనించింది. కాసేపటికి తలుపు తీసింది.

అక్కయ్య గుమ్మం దగ్గర నిలబడి ఆమె వీపు చూస్తోంది. మరదలు పిల్లని తీసి అరచేతిలో పెట్టుకుని, మళ్లీ తీసిన చోటే పెట్టింది. వేడి చూసింది. నీళ్ల పళ్లెంలో వేలు ముంచింది. బల్బుల వంకా ఫ్యాను వంకా చూసింది. ఆ తర్వాత గొట్టాల్లో వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. పైన ఒకదాని దగ్గర వేలు ఆగింది. అందులోంచి ఏదో తీసి వెలుతురులో చూసింది. చిన్న దారప్పోగు.

"వదినా, కరెంటు పోయిందా?"

"లేదే."

"తలుపు తీశారా?"

"నువ్వు తియ్యొద్దన్నావుగా."

"అవును," అంది మరదలు. దారాన్ని వేళ్ల మధ్య ఉండ చేసి, సంచిలో వేసుకుంది.

తమ్ముడు రావడంతో ఇద్దరూ తమ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. అతని గొంతు కాసేపు పెద్దదైంది. మాటలు తెలియలేదు. అక్కయ్య నడవలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే వ్యాపారి గాలాడే గంపలు వేసుకుని వచ్చాడు. టైలరు కూడా చూడ్డానికని వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. తమ్ముడు పెళ్లాన్ని వరండాలోకి పిలిచాడు.

"నువ్వే చెప్పు. నేనెందుకు చెప్పాలి," అన్నాడు.

రాలేదండీ, అన్నీ లోపలే పోయాయి, అని మరదలు చెప్పింది. వ్యాపారి మర్యాదస్తుడు. మొదటిసారి అందరికీ ఇంతేననీ, వాతావరణం కూడా బాగోలేదనీ ఏదో సర్దబోయాడు. తమ్ముడు సర్దనివ్వలేదు.

"హ్యాచరీలో చేశానంటే నమ్మాను. అక్కడ ట్రేలు కడిగేదట. ట్రేలు కడిగినంత మాత్రాన గుడ్డు సంగతి తెలుస్తుందా?" అని నవ్వాడు. వాళ్లు నవ్వకపోవడంతో ఇంకా రెచ్చిపోయాడు. "ఈవిడ చెయ్యి పడితే ఏదీ పండదులెండి. పెళ్లయి ఇన్నాళ్లయింది, ఇంట్లో మాత్రం ఏం కబురుంది?"

వ్యాపారి గంపల వంక చూసుకున్నాడు. టైలరు గేటు వదిలి వెళ్లిపోయాడు. మరదలు నిలబడ్డచోటే నిలబడి ఉంది. తలుపు వెనక అక్కయ్య చేతిలో టీ గ్లాసులున్నాయి. యంత్రం గది వదిలి పోతే చాలనుకుంది ఆవిడ. ఈ మాట పుడుతుందని లెక్కలో వేసుకోలేదు. గ్లాసులు వంటింట్లో పెట్టేసింది. ఎవరికీ ఇవ్వలేదు.

మగవాళ్లు వెళ్లాక మరదలు పెరట్లో కాగితాలు పరిచి, గుడ్ల అరలు తెచ్చి పెట్టుకుంది.

"వదినా, సంచి పట్టుకోండి."

అక్కయ్య ఆమెకి కుడిపక్కన కూర్చుంది. మరదలు ఒక్కో గుడ్డు తీసుకుని, లావు కొనని నేలకి తట్టి, గోటితో పెంకు ఒలిచేది. ప్రతి దాంట్లోనూ నిండా పెరిగిన పిల్ల ఉంది. నూగుతో, గోళ్లతో, రెక్క కిందనుంచి తల పైకెత్తి. మరదలు దాన్ని తిప్పి చూసి సంచిలో వేసేది.

"తడి చాలకపోతే పొర ఒంటికి జిగురులా అతుక్కునేది. చూడండి, ఊడొచ్చేస్తోంది. వేడి తప్పితే ఇంతదాకా పెరిగేవే కావు," అంది, పాఠం చెప్పే గొంతుతో. "అన్నిటి ముక్కులూ పొర చీల్చుకుని బయటికే ఉన్నాయి. గాలి కోసం."

"బెజ్జాలు పెట్టావుగా మరి," అంది అక్కయ్య. ఎందుకందో ఆవిడకే తెలియలేదు.

"పెట్టాను," అని మరదలు ఇంకో గుడ్డు తీసుకుంది.

చాలా అయ్యాక, ఒకదాన్ని ఒలిచి అలాగే అక్కయ్య చేతిలో పెట్టింది. అది వెచ్చగా ఉంది. అరచేతిలో చిన్నగా కొట్టుకుంది.

"ఇది బతికుంది," అంది అక్కయ్య.

"బొడ్డు చూడండి. లోపలి సొన ఒంట్లోకి పోలేదు, నెత్తురు కారుతోంది. సాయంత్రం దాకా కొట్టుకుని చస్తుంది. హ్యాచరీలో ఇలాంటివి వస్తే మెడ దగ్గర పట్టుకుని నొక్కేసేవాళ్లం. దానికీ అదే సుఖం." మరదలు చేతులు కాగితానికి తుడుచుకుంది. "కానివ్వండి."

"నావల్ల కాదు."

ఆ రోజు మొత్తంలో మరదలు, తల తిప్పకుండా కంటికొసల్లోంచే అయినా, ఆవిడ మొహంలోకి చూసింది అప్పుడే.

"మీవల్ల అవుతుంది వదినా," అంది.

అక్కయ్య బొటనవేలు మెడ మీద ఆనించింది. పిల్ల కన్ను మూతపడి, తెరుచుకుంది. ఆవిడ నొక్కింది. వేలి కింద ఏదో పుటుక్కుమంది. మరదలు సంచి నోరు తెరిచి పట్టుకుంది.

*

సాయంత్రం తమ్ముడు వస్తూనే పెళ్లాన్ని బట్టలు సర్దుకోమన్నాడు. వాళ్ల నాన్నకి ఎలాగూ మనిషి కావాలి, అక్కడే ఉండమన్నాడు. ఎన్నాళ్లని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. మరదలు మంచం మీద బట్టలు మడత పెడుతోంది. అక్కయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పొద్దుటినుంచీ ఆవిడ ఏమీ తినలేదు. ఎంత కడుక్కున్నా బొటనవేలు తనది కానట్టే ఉంది.

"ఆ బెజ్జాలు నేనే మూశానురా," అంది.

తమ్ముడికి అర్థం కాలేదు. ఆవిడ మళ్లీ చెప్పింది. దిండుగలీబు చింపాననీ, పైనా కిందా అన్నీ మూశాననీ, అతను భోజనం చేసి వెళ్లాక తీసేశాననీ, తీగ మీద ఆరేశాననీ అన్నీ వరసగా చెప్పింది.

తమ్ముడు లేచి దగ్గరికొచ్చాడు. కొడతాడనుకుంది. అతని మొహం మెత్తబడింది. ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వెప్పుడూ ఇంతే అక్కా. చిన్నప్పుడు నేను బీరువా అద్దం పగలగొడితే, తప్పు నీ మీద వేసుకుని నాన్న చేత తన్నులు తిన్నావు." పెళ్లాం వైపు తిరిగాడు. "నిన్న నాతో అన్న అబద్ధాన్నే ఇవాళ ఆవిడ చేత చెప్పిస్తున్నావా? పొద్దున పెరట్లో కూర్చోబెట్టుకుని నూరిపోసింది ఇదేనా? ఆ శవాలన్నీ ఆవిడ చేత పట్టించి, ఏడిపించి?"

"నాకెవరూ నూరిపొయ్యలేదురా. నిజంగానే చెప్తున్నా," అంది అక్కయ్య.

"సర్లే, నువ్వెళ్లి కాసేపు పడుకో."

అక్కయ్య మరదలి వంక చూసింది, నువ్వయినా చెప్పమన్నట్టు. మరదలు మడత ఆపి తల ఇటు తిప్పింది. ఎడమ చెంప కంటి కింద కమిలి ఉంది. పెరట్లో కూర్చున్నంతసేపూ ఆమె ఆ వైపు గోడకి తిప్పి ఉంచుకుందని అక్కయ్యకి అప్పుడు తట్టింది.

"నేను నిన్ననే చెప్పాను వదినా. దానికే ఇది," అని మళ్లీ బట్టల మీదకి వంగింది.

మర్నాడు మరదలు యంత్రాన్ని తీసుకుపోతానంది. ఆ డొక్కు మాకెందుకు, తీసుకుపో, అన్నాడు తమ్ముడు. సాయం పట్టడానికి మాత్రం రాలేదు. ఒక పక్క మరదలూ ఇంకో పక్క అక్కయ్యా ఎత్తి, మెట్లు దింపి, ట్రాలీ ఆటో మీదకి చేర్చారు. మరదలు తాడు వేసి బిగించింది. అద్దం పగలకుండా దుప్పటి చుట్టింది. డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. వెళ్లొస్తానని చెప్పలేదు. అక్కయ్య గేటు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

ఆ సాయంత్రం తమ్ముడే మంచం మోసుకెళ్లి గదిలో వేశాడు. మేకుకున్న తీగలు విప్పేశాడు. నేల మీద గుంటల్లో మంచం కోళ్లు సరిగ్గా కూర్చునేదాకా అటూ ఇటూ జరిపాడు.

అతను పనికి వెళ్లినచోటల్లా ఈ సంగతి చెప్పుకొచ్చాడు. పెళ్లాం చేసిన తప్పు నెత్తిన వేసుకోబోయిన అక్క సంగతి. టైలరు దుకాణంలో చెప్పాడు. టైలరు వెళ్లి తన ఇంట్లో చెప్పాడు. కూరలమ్మే ఆవిడ బుట్ట దించుతూ, మీలాంటి మనసు ఎవరికుంటుంది అక్కయ్యా, అంది. అక్కయ్య అదేం కాదనేది. కాదన్నకొద్దీ వాళ్లు ఇంకా మెచ్చుకునేవాళ్లు. తర్వాత తర్వాత కాదనడం మానేసి తల దించుకునేది. దాన్ని వినయమన్నారు.

మరదలు తిరిగి రాలేదు. తమ్ముడు వెళ్లి తీసుకురాలేదు. పక్కవాటాలో కొత్తగా దిగిన ఒకావిడ ఓ పొద్దున వచ్చి వరండాలో కూర్చుంది. అక్కయ్య బియ్యం ఏరుతోంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, మీ మరదలు ఇక్కడ ఉండదా అని ఆవిడ అడిగింది.

అక్కయ్య చేట మీదనుంచి తల ఎత్తలేదు.

"చిన్నపిల్ల కదండీ. గుడ్ల మిషన్‌కి మూతలు తియ్యడం మర్చిపోయి ఊరెళ్లింది. పాపం, వాడు ఊరుకోడని నేనే మూశానని చెప్పాను. అయినా వాడు వినలేదు," అంది.

మాట ఎక్కడా తడబడలేదు. గొంతులో జాలి కూడా ఉంది. కొత్తావిడ ముందుకు వంగి అక్కయ్య చెయ్యి పట్టుకుంది. అక్కయ్య చెయ్యి అలాగే కాసేపు ఉంచి, మెల్లగా తీసుకుని, బియ్యంలో కనపడ్డ రాయి ఏరి పారేసింది.